గరాటు నాది, పేరు ఆయనది

ఏంటమ్మా అది చేతిలో? అటక మీద దొరికిందా? ఏదీ, ఇలా పట్టుకో... ఓహో, దారం కట్టిన ఖాకీ కాగితం చుట్ట. దులుపు, దులుపు, గుమ్మం బయట దులుపు, నా మీద కాదు. అదేంటో తెలుసా నీకు? నమూనా కాగితం. మీ తాత ఏ రేకు కత్తిరించాలన్నా ముందు కాగితం మీద గీసేవాడు. ఆ కాగితాన్ని కత్తిరించి, రేకు మీద పరిచి, చుట్టూ గీత గీసుకుని, అప్పుడు గానీ రేకు కత్తెర పట్టేవాడు కాదు. ఇది దేని తాలూకు కాగితమో విప్పకుండానే చెప్తాను చూడు. పొడుగు చూస్తేనే తెలుస్తోంది, విమానం గరాటుది. పక్కన పెట్టు, తర్వాత విప్పుదువుగాని. ముందు కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దానికి ఒక కాలు పొట్టి, మంచం మీద కూర్చో. నువ్వు మొన్న అడిగావు కదా, మా తాతని అందరూ గరాటు అని ఎందుకు పిలిచేవారు అని? మీ నాన్నేమన్నాడు? రేకు పని చేసేవాడు కదా, అందుకని అన్నాడా? వాడి మొహం. అప్పటికి వాడికి ఏడేళ్ళు, ముక్కు తుడుచుకోవడం రాదు. రేకు పని చేసే ప్రతివాణ్ణీ గరాటు అంటారా? నేను చెప్తాను విను. అసలా పేరు నాకు రావాలి. నవ్వకు. మీ నాయనమ్మ కూడా ఇలాగే నవ్వేది. గరాటు నాది, పేరు ఆయనది. అదీ సంగతి.

మీ తాత అంటే నాకు బావ. అక్క మొగుడు. పొడుగ్గా, బక్కగా ఉండేవాడు, మాట తక్కువ. బేకరీలకీ, హాస్టళ్ళకీ పొగగొట్టాలు చేసిపెట్టేవాడు. పెద్ద పెద్ద పొయ్యిల మీద బోర్లించినట్టు రేకు తొడుగు ఉంటుంది చూడు, పొగని పైకి లాక్కుపోయేది, అది ఆయన చేతిది అయితే వంటగదిలో ఒక్కడు దగ్గేవాడు కాదు. అలాంటి మనిషికి విమానం పిచ్చి పట్టింది. ఎందుకు పట్టిందంటే నాకు తెలీదు. అడిగితే, "రేకే కదరా, కాస్త పల్చటి రేకు" అనేవాడు. ఇద్దరు కూర్చునే చిన్న విమానం. ఎక్కణ్ణుంచో ప్లాను తెప్పించాడు. ఇంటి వెనక షెడ్డులో మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళంటే మాటలా? షెడ్డు చాలక ఎడమ రెక్క ముందుగదిలోకి వచ్చింది. మీ నాయనమ్మ దాని మీద బట్టలు ఆరేసేది. ఎవరైనా చుట్టాలొస్తే కాళ్ళు కడుక్కుని, వంగి, రెక్క కింద నుంచి దూరి వచ్చి కుర్చీలో కూర్చోవాలి. ఒకసారి మా పెద్దమ్మ దూరలేక గుమ్మంలోనే కూర్చుని కాఫీ తాగి వెళ్ళిపోయింది. "మీ ఆయన ఎగిరేలోపు నేను పోతానే" అని అక్కతో అంది. పాపం, అన్నంత పనీ చేసింది. సరే, అది కాదు నేను చెప్పేది.

నా సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే నీకు అర్థం కాదు. నేను బస్సు డిపోలో ఇంజిన్ మెకానిక్కుని. మంచి మెకానిక్కుని, నా డబ్బా నేను కొట్టుకోవడం కాదు, ఇంజిన్ మీద చెయ్యి పెట్టి ఏ సిలిండరు అలిగిందో చెప్పేవాణ్ణి. అలాంటివాణ్ణి ఒకరోజు ఒక గొట్టానికి పట్టీ సరిగా బిగించలేదు. ఒక్క పట్టీ. ఆయిలంతా కారిపోయి, నలభైమందితో బస్సు ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ ఇంజిన్ బిగుసుకుపోయింది. ఎవరికీ ఏం కాలేదు, డ్రైవరు గట్టివాడు, రాళ్ళకి ఆనించి ఆపేశాడు. కానీ నా పని అయిపోయింది. మేనేజరు నన్ను టైర్ల సెక్షనులో వేశాడు. టైర్లు! పద్దెనిమిదేళ్ళు ఇంజిన్లు విప్పిన చేతులు నావి. అదీ సరే అనుకో, అసలు బాధ అది కాదు. స్పానరు పట్టుకుంటే చెయ్యి వణికేది. నిజంగా వణికేది. ఇంట్లో సైకిలు చైను ఊడితే పక్కింటివాణ్ణి పిలిచేవాణ్ణి. తిండి సయించదు, ఎవరితోనూ మాట్లాడను. మీ నాయనమ్మ వచ్చి చూసి వెళ్ళినట్టుంది, మర్నాడు బావ వచ్చాడు. ఓదార్పు మాటలు ఒక్కటి లేవు. "ఏరా బావమరిదీ, ఫ్లయింగు క్లబ్బు వాళ్ళు పాత ఇంజినొకటి ఇచ్చారు. రేకు నేను చూసుకుంటాను, ఇంజిన్ నీది" అన్నాడు. నాకొద్దు బావా, నా చెయ్యి మంచిది కాదు అన్నాను. "అయితే రెండో చేత్తో చెయ్యి" అని వెళ్ళిపోయాడు. వెళ్ళాను. ఏం చెయ్యను మరి, బావ మాట.

ఇంజిన్ విప్పాం, కడిగాం, బిగించాం. ప్రతి బోల్టూ నేను బిగిస్తే ఆయన పక్కన నిలబడి ఎర్ర రంగు చుక్క పెట్టేవాడు, మళ్ళీ అనుమానం రాకుండా. అలా అలా వణుకు కొంచెం తగ్గింది. విమానం తయారైంది, క్లబ్బు మైదానానికి లారీ మీద తీసుకెళ్ళాం. ఇక విమానాల ఇన్‌స్పెక్టరు ముందు పరీక్ష. ఆయనో విచిత్రమైన మనిషి, చెవి మీద పెన్సిలు, చేతిలో ఫైలు, మొహంలో ఏమీ ఉండదు. నియమం ఏంటంటే, ఇంజిన్ పూర్తి బలంతో ఐదువేల అడుగులు ఎక్కాలి, అప్పుడు ఆయిల్ వేడి ఎర్రగీత దాటకూడదు. ఎర్రగీత నూట పద్దెనిమిది డిగ్రీల దగ్గర. మూడు అవకాశాలు ఇస్తారు. మూడూ తప్పితే ఫైలు మూసేస్తారు, ఇంజిన్ క్లబ్బుకి వెనక్కి ఇచ్చెయ్యాలి, మిగతా రేకుని ఏం చేసుకుంటావో నీ ఇష్టం. మొదటి పరీక్ష మార్చి పదకొండున. ఎలా గుర్తంటావా, ముందురోజు మీ నాన్న పుట్టినరోజు, మిగిలిన కేకు ముక్కలు పొట్లం కట్టుకుని మైదానానికి వెళ్ళాం. బావే నడిపాడు, ఆయనకి లైసెన్సు ఉంది. లేచింది తల్లీ. చక్కగా లేచింది. మీ నాయనమ్మ ఏడుస్తోంది, నేను గెంతుతున్నాను. ఇంతలో రేడియోలో బావ గొంతు, పెళ్ళికి రాలేమని కబురు చెప్తున్నంత నింపాదిగా, "పద్దెనిమిది వందల అడుగులు. నూట పద్దెనిమిది. దిగుతున్నాను" అన్నాడు. అంతే. ఇన్‌స్పెక్టరు పెన్సిలు తీసి ఒక అడ్డగీత గీశాడు.

ఇక్కడ కాస్త జాగ్రత్తగా విను. ఇంజిన్‌లో ఆయిల్ తిరిగి తిరిగి కాగిపోతుంది కదా, దాన్ని చల్లార్చడానికి చిన్న రేడియేటరు లాంటిది ఉంటుంది, ఆయిల్ కూలర్ అంటారు. మామూలు పుస్తకమంత ఉంటుంది, పల్చటి రేకుల అరలు అరలుగా. ఆ అరల్లోంచి గాలి పోతే ఆయిల్ చల్లబడుతుంది. ఆ గాలి రావడానికి ఇంజిన్ తొడుగుకి ముందువైపు ఒక కన్నం, ప్లాను ప్రకారం అయిదంగుళాలది. మర్నాడు పొద్దున పది గంటలకి షెడ్డుకి వెళ్ళాను. బావ బల్ల మీద ఏదో సర్దుతూ నన్ను చూసి చేతులు దులుపుకున్నాడు. "ఏం చేద్దామంటావురా?" అన్నాడు. అడగడమే తరువాయి, నేను రెచ్చిపోయాను. బస్సులు ఎండాకాలం మరిగితే డిపోలో మేం ఏం చేస్తాం? రేడియేటరు ముందున్న జాలీ పీకేస్తాం. గాలి ఎక్కువ వస్తే ఎక్కువ చల్లబడుతుంది, ఇందులో ఆలోచించేదేముంది, కన్నం పెద్దది చేద్దాం బావా అన్నాను. ఆయన ఒక్క నిమిషం నా వంక చూశాడు. పక్కన మీ నాయనమ్మ టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. "సరే, నువ్వే కొయ్యి" అని కత్తెర నా చేతికిచ్చాడు. చూడు మరి, పుట్టినప్పట్నుంచీ గాలీ పొగా తప్ప మరోటి ఎరగని మనిషి, బస్సు మెకానిక్కు మాట విని ఊరుకున్నాడు! పెళ్ళాం ముందు బావమరిదిని చిన్నబుచ్చడం ఎందుకనుకున్నాడేమో. నేను కోశాను. ఏడంగుళాల కన్నం. చెయ్యి వణకలేదు, అది కూడా గమనించాను. మేలో రెండో పరీక్ష. మైదానమంతా నేనే తిరిగి చెప్పుకున్నాను, ఇవాళ చూడండి అని. పన్నెండు వందల అడుగులకే నూట పద్దెనిమిది కొట్టింది. మునుపటి కంటే ముందే! కన్నం పెంచితే వేడి పెరిగింది. క్లబ్బులో ఒకాయన, "ఇంకాస్త కొయ్యండి, ముక్కంతా పోతే బరువైనా తగ్గుతుంది" అన్నాడు. నాకు తలకొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళి పడుకున్నాను. మళ్ళీ చేతి వణుకు మొదలు.

రెండ్రోజులు ఆగి బావ వ్యాను వేసుకుని మా ఇంటికొచ్చాడు. వ్యాను పైన చెక్క బల్లలు కట్టి, వాటి మీద విమానం ముక్కు తొడుగు, లోపల కూలరు, అన్నీ బిగించి ఉన్నాయి. తొడుగుకి ఒక పక్క రేకు తీసేసి, అద్దంలా కనపడే ప్లాస్టిక్ షీటు వేశాడు. లోపలంతా ఎర్ర ఊలు ముక్కలు, వేలెడంత వేలెడంతవి, అంటించాడు. మీ నాయనమ్మ మీ నాన్నకి స్వెట్టరు అల్లుతోంది అప్పుడు, ఒక చెయ్యి అల్లడానికి ఊలు చాలక ఆ స్వెట్టరు చివరికి ఎలాగుందో ఫొటో చూపిస్తాను తర్వాత. "ఏంటి బావా ఇది?" అన్నాను. "గాలి ఎటు పోతుందో చూద్దాం. నేను నడుపుతాను, నువ్వు పైన బోర్లా పడుకుని దారాలు చూడు" అన్నాడు. నువ్వే చూడొచ్చుగా అంటే, కళ్ళజోడు ఎగిరిపోతుందిట! దారం కట్టుకోవచ్చు కదా? అడగలేదు నేను. ఎక్కి పడుకున్నాను. నడుముకి తాడు కట్టాడు. ఊరి బయట తిన్నటి రోడ్డు, గంటకి తొంభై కిలోమీటర్లు. నోట్లోకి పురుగులు, చొక్కా వెన్ను మీద గాలిపటంలా కొట్టుకుంటోంది. పక్కనుంచి స్కూలు బస్సు, కిటికీల నిండా పిల్లలు, నన్ను చూసి చేతులూపుతున్నారు. నేనూ ఊపాను. కానిస్టేబుల్ ఒకడు ఆపాడు. "పైనెవరు? ఏం చేస్తున్నారు?" అన్నాడు. బావ కిటికీలోంచి తల బయటికి పెట్టి, "మా బావమరిదండీ. గాలి చూస్తున్నాడు" అన్నాడు. ఆ కానిస్టేబుల్ నన్నూ, ఆ ఎర్ర ఊలునీ, ఆ ముక్కునీ మార్చి మార్చి చూసి, "చూసి త్వరగా ఇంటికెళ్ళండి" అన్నాడు. ఏ కేసు రాయాలో తోచి ఉండదు పాపం.

కానీ చూశాను తల్లీ. అక్కడ చూశాను. మధ్యలో దారాలు కూలరు వైపు తిన్నగా నిలబడి ఉన్నాయి. అంచుల దగ్గర దారాలు మాత్రం వెనక్కి తిరిగి, వచ్చిన దారినే బయటికి పోదామన్నట్టు కొట్టుకుంటున్నాయి. ఇంకో రెండు మూడు కూలరు పక్కన సందు ఉంటే అందులోకి దూరి బిగుసుకుపోయాయి. అంటే ఏంటన్నమాట? గాలి బోలెడు వస్తోంది. వచ్చి, గోడకి తల కొట్టుకున్నట్టు కూలరుకి కొట్టుకుని, సగం వెనక్కి పోతోంది, మిగతా సగం పక్క సందుల్లోంచి జారుకుంటోంది. అరల్లోంచి పోయేది పిడికెడు. నేను కన్నం పెంచిన కొద్దీ పక్కనుంచి జారిపోయే గాలి పెరిగి, కూలరు వెనక జనం కిక్కిరిసినట్టు నిండిపోతోంది, ఇక ముందు గాలికి అరల్లోంచి దారేదీ? దిగి బావకి అదంతా చేతులు తిప్పుతూ చెప్పాను. ఆయన నోరు తెరుచుకుని వింటున్నాడు. "అలాగా? వెనక్కి తిరుగుతున్నాయా? నువ్వు సరిగా చూశావా?" అని పది ప్రశ్నలు. నాకు విసుగొచ్చింది, ఇంత చిన్న విషయం అర్థం కాదేంటి ఈయనకి అని.

ఇప్పుడు అసలు ముచ్చట. ఎక్కడున్నాను? ఆ, వ్యానులో పెట్రోలు అయిపోయింది. రోడ్డు పక్కన ఆపి, డబ్బాలో తెచ్చుకున్న పెట్రోలు ట్యాంకులో పోస్తున్నాడు బావ. డబ్బా ఎత్తి పోస్తుంటే సగం బయట, ట్యాంకు పక్కనంతా, చక్రం మీదంతా కారిపోతోంది. నాకు ఒళ్ళు మండింది. "గరాటు పెట్టి పొయ్యొచ్చుగా బావా! రేకు పనివాడివి, నీ బండిలో గరాటు లేదా? సగం పక్కకే పోతోంది!" అని అరిచాను. అరిచి, నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయాను. గరాటు. ఆయన డబ్బా దించి, "గరాటా? గరాటేం చేస్తుందిరా?" అన్నాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని, బావా, గరాటు, కానీ తలకిందులుగా అన్నాను. సన్నటి మూతి గాలికి ఎదురుగా, వెడల్పు వైపు కూలరుకి. గాలి సన్నగా, జోరుగా లోపలికొస్తుంది, గరాటు నెమ్మదిగా వెడల్పు అయ్యేకొద్దీ గాలి నెమ్మదిస్తుంది, కూలరు మొహమంతా సమానంగా పరుచుకుంటుంది, చుట్టూ రబ్బరు పట్టీ వేస్తే పక్కకి జారదు, అరల్లోంచి పోక చస్తుందా! "మూతి చిన్నదైతే గాలి తక్కువ రాదట్రా?" అన్నాడు. ఎంత వచ్చిందని కాదు బావా, అరల్లోంచి ఎంత పోయిందని చూడాలి అన్నాను. ఆయన తల గోక్కున్నాడు. "సరే, పోయిన గాలి తర్వాత ఎటు పోతుంది?" అన్నాడు. అవును కదా! అది నాకు తోచలేదు. ఒక్క నిమిషం ఆలోచించి, వెనక కింద బయటికి పోయే సందు కూడా పెంచాలి, దాని అంచు కాస్త కిందికి వంచాలి, బయటి గాలే లోపలి గాలిని లాక్కుపోతుంది అన్నాను. మీ పొగగొట్టాల మీద టోపీ పెడతారు చూడు, అలాగే అని ఆయనకే పాఠం చెప్పాను! "అమ్మో, నువ్వు మామూలోడివి కాదురా" అన్నాడు. ఆ రోడ్డు పక్కన, ఒళ్ళంతా పెట్రోలు వాసనతో నిలబడ్డాను చూడు, నా పెళ్ళినాడు కూడా నాకంత ఆనందం లేదు. మా ఆవిడతో చెప్పకు.

షెడ్డుకొచ్చి మొదలుపెట్టాం. ఎంత మూతి, ఎంత పొడుగు అని లెక్కలు నేనే వేశాను. మొదట మూడన్నాను, "మూడా?" అన్నాడు, కాస్త ఎక్కువ చెప్పాలేమో అని నాలుగన్నాను, ఏమీ అనలేదు. మూతి నాలుగు అంగుళాలు, వెనక తొమ్మిది ఇంటూ ఆరు, పొడుగు పదకొండు. ఇప్పటికీ నోటికొచ్చు నాకు. ఆయన రేకు వంచిన తీరు మాత్రం ఒప్పుకోవాలి. నాలుగు మూలల వెనకవైపు నుంచి గుండ్రటి మూతికి ఎక్కడా మడత కనపడకుండా, వేలు పెట్టి రాస్తే వేలు ఎక్కడా ఆగదు. మూతి అంచు గ్లాసు అంచులా బయటికి గుండ్రంగా చుట్టాడు. అంత కష్టమైన పని మొదటిసారే ఒక్క తప్పు లేకుండా వచ్చేసింది, అదీ ఆయన చేతి గొప్ప. నేను కోసిన ఏడంగుళాల కన్నానికి చుట్టూ కొత్త రేకు అతికి మూసేశాం. దాన్ని మైదానానికి పట్టుకెళ్ళి బిగిస్తుంటే ఒకటే నవ్వులు. "మొన్న కోశారు, ఇవాళ కుడుతున్నారు" అని. "గరాటు ఎక్కడ, గరాటు ఇవాళ రాలేదా" అని బావని పిలవడం అప్పుడే మొదలెట్టారు. ఆయన వాళ్ళతో ఒకటే మాట అనేవాడు, "నాకేం తెలీదండీ, ఆలోచనంతా మా బావమరిదిది" అని. తప్పైతే నా మీదికి తోసేస్తున్నాడని లోపల కాస్త కోపం కూడా వచ్చింది నాకు.

జూన్ మూడు. మూడో పరీక్ష, ఇక నాలుగోది లేదు. ఎండ ఎలా ఉందంటే, రన్‌వే మీద తారు బూటుకి అంటుకుంటోంది. వాయిదా వేసుకుంటారా అని ఇన్‌స్పెక్టరే అడిగాడు. బావ నా వంక చూశాడు. నేను, వద్దు, ఇవాళే అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో. ఎగిరాడు. క్లబ్బు వరండాలో బల్ల మీద రేడియో, పక్కన ఇన్‌స్పెక్టరు, వెనక నవ్వడానికి తయారుగా ఇరవైమంది, మీ నాన్న చెయ్యి పట్టుకుని మీ నాయనమ్మ. "వెయ్యి అడుగులు, ఎనభై నాలుగు." "పన్నెండు వందలు, ఎనభై ఎనిమిది." మునుపు అక్కడే చచ్చాం. "రెండువేలు, తొంభై ఒకటి." నవ్వేవాళ్ళు కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. "మూడువేలు, తొంభై నాలుగు." నేను రేడియో బల్లని గట్టిగా పట్టుకున్నాను, ఇన్‌స్పెక్టరు, "బల్ల వదలండి, ఊగుతోంది" అన్నాడు. "నాలుగువేలు, తొంభై ఆరు." తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఎంతసేపనుకున్నావు, నాకు ఏడాదిలా ఉంది. అప్పుడు, "ఐదువేలు. తొంభై ఆరే. ముల్లు కదలట్లేదు. ఇంకా ఎక్కమంటారా?" అన్నాడు. ఆ చివరి మాట అనాల్సిన అవసరం లేదు ఆయనకి! కావాలనే అన్నాడు. వరండా అంతా గోలగోల అయిపోయింది. ముక్కంతా కొయ్యండి అన్నాడే, ఆయనే నన్ను ఎత్తుకున్నాడు. ఎత్తుకుని తిప్పాడు.

ఇన్‌స్పెక్టరు ఒక్కడు నవ్వలేదు. బావ దిగగానే, "ముల్లు కదలట్లేదన్నారు కదా, ముల్లే పాడైందేమో" అన్నాడు. అందరూ నీరుగారిపోయారు. నాకు మాత్రం ఎక్కడలేని హుషారొచ్చింది. ఇంజిన్ దగ్గరికెళ్ళి, వేడి కొలిచే బుడిపె స్పానరుతో విప్పాను. క్యాంటీన్ నుంచి టీ కెటిల్లో నీళ్ళు సలసల మరిగించి తెప్పించాను. అందరి ముందూ బుడిపె నీళ్ళలో ముంచాను. మరిగే నీళ్ళు ఎంత? వంద. ముల్లు లేచి లేచి వెళ్ళి వంద మీద నిలబడింది, వెంట్రుకవాసి తేడా లేదు. ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. పెన్సిలు తీసి ఫైల్లో పెట్టి, జేబులోంచి పెన్ను తీశాడు. పెన్ను! ఆ మనిషి పెన్ను తియ్యడం అదే మొదలుట. "ఈ గరాటు ఎవరి రూపకల్పన?" అన్నాడు. బావ నా భుజం మీద చెయ్యి వేసి, "వీడిది. మా బావమరిదిది" అన్నాడు. రాశాడు తల్లీ, ఫైల్లో నా పేరు రాశాడు. ఆ కాగితం నకలు డిపో మేనేజరుకి ఎవరు పంపారో తెలీదు గానీ, పది రోజుల్లో నన్ను టైర్ల నుంచి ఇంజిన్ల సెక్షనుకి పిలిచాడు. తర్వాత నేను డిపోలో ఉన్న అన్ని బస్సుల రేడియేటర్ల చుట్టూ సందులు మూసి రేకు దారులు పెట్టించాను, ఎండాకాలం ఒక్క బస్సు మరగలేదు. రిటైరయ్యేదాకా నా చెయ్యి మళ్ళీ వణికితే ఒట్టు. ఇప్పుడు వణుకుతోందంటావా, ఇది వయసు, అది వేరు.

మీ తాత పదకొండేళ్ళు ఎగిరాడు ఆ విమానం మీద. మీ నాయనమ్మని ఎక్కించుకున్నాడు, నన్ను ఎక్కించుకున్నాడు, ఆ కానిస్టేబుల్ని వెతికి పట్టుకుని మరీ ఎక్కించుకున్నాడు. ఒక్కసారి కూడా ముల్లు వంద దాటలేదు. చివరికి మంచం మీదే పోయాడు, హాయిగా, నిద్రలో. శ్మశానం దాకా క్లబ్బు వాళ్ళంతా నడిచారు, "గరాటు వెళ్ళిపోయాడు" అనుకుంటూ. నాకు ఏడుపొస్తోంది, దాంతోపాటు కొంచెం అసూయ కూడా. పేరు నాది కదా అని. అది చెప్తే మీ నాయనమ్మ, అంత దుఃఖంలోనూ నవ్వింది. ఎప్పుడూ అంతే. నేను ఈ ముచ్చట ఎవరికి చెప్తున్నా సరే, పెట్రోలు దగ్గరకొచ్చేసరికి లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది, అక్కణ్ణుంచి నవ్వు వినపడేది. ఎందుకే నవ్వుతావు అంటే, "ఏం లేదురా, నువ్వు చెప్పు, బాగుంది" అనేది. పోయేదాకా చెప్పలేదు.

సరే, ఇప్పుడు విప్పు ఆ కాగితం. మెల్లగా, పాతది, చిరుగుతుంది. చూశావా ఆకారం? విసనకర్రలా ఉందా? దాన్నే వంచితే గరాటు. మే నెలాఖర్న నేను లెక్కలు చెప్తుంటే గీశాడు... అవునా, వెనక ఏదో రాసుందా? పెన్సిలుతోనా? ఆయన ప్రతి కాగితం మీదా తేదీ వేసుకునేవాడులే. చదువు, నా కళ్ళకి ఆనదు. ఎంతా? మార్చి అంటావేంటి, మే అయ్యుంటుంది, సరిగా చూడు. వెలుగులోకి పట్టుకెళ్ళి చూడు. మార్చి పన్నెండా? పన్నెండంటే... మొదటి పరీక్ష మర్నాడు. నేను పది గంటలకి వెళ్ళిన రోజు. కాదులే, అది ఇంకేదో పొగగొట్టం కాగితం అయ్యుంటుంది. అంకెలు చదువు. నాలుగు. తొమ్మిది, ఆరు. పదకొండు.

కింద ఇంకేదో ఉందా? చదువమ్మా, ఆగావెందుకు?

"వాడు కనుక్కునేదాకా అటక మీదే." అలాగే రాసుందా? ఆయన చేతిరాతేనా, వాలుగా ఉంటుంది, కుడివైపుకి. ఊఁ. మళ్ళీ చదువు.

ఒక్క చుక్క కింద పడకుండా డబ్బాలో రంగు పోసేవాడు, ఆ రోజు పెట్రోలు ఒలకబోశాడు.

ఆ కిటికీ తెరువమ్మా, గాలాడట్లేదు. అదొక్కటే కాదు, వెనకవైపుది కూడా తెరువు.